ఇంకో నాలుగు శాతం



వరంగల్ మండీ బజార్‌లో ఏ చాయ్ హోటల్లోనైనా కూర్చుని కాస్త గట్టిగా 'నాలుగు శాతం' అనండి. పక్క టేబుల్ వాళ్లు కూడా ఇటు తిరుగుతారు. బీసీ-ఈ రిజర్వేషన్, 2007 చట్టం, కోర్టుల్లో నడిచిన కేసులు, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా 'తీసేస్తాం' అని బెదిరించే లీడర్లు, అన్నీ మనవాళ్లకు జబానీ వచ్చు. రావాలి కూడా. అది మన పిల్లల బతుకు.

ఇంకో నాలుగు శాతం ఉంది. సర్కారీ నౌకరీల్లో మాజూర్‌ల కోసం. 1995 చట్టంలో మూడు శాతం ఉండేది, 2016 చట్టం దాన్ని నాలుగు చేసింది. చూపు లేనివాళ్లకు ఒకటి, వినపడనివాళ్లకు ఒకటి, కాళ్లూ చేతులూ సహకరించనివాళ్లకు ఒకటి. ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు ఉన్నవాళ్లకు, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకు కలిపి ఇంకొకటి. ఇందులో మజహబ్ అడగరు, కులం అడగరు. మొన్న ఒక జుమా నాడు నమాజ్ అయ్యాక, చెప్పులు వేసుకుంటున్న ఎనిమిది మందిని ఈ సంగతి తెలుసా అని అడిగాను. ఏడుగురికి తెలియదు. తెలిసిన ఎనిమిదో ఆయన కూతురికి పుట్టుకతో వినపడదు.

నా షికాయత్ అదే. దెబ్బ తగిలిన ఇంటికి తప్ప ఈ సంగతి ఎవరికీ పట్టదు. మా ఖాందాన్‌కు తగిలేదాకా నాకూ పట్టలేదు. కాబట్టి ముందు నా గునా ఒప్పుకుంటాను. తర్వాత మీతో జగడం పెట్టుకుంటాను.

సంతకం పెట్టమన్నవాళ్లలో నేనూ ఉన్నాను

మా మామూ 1990లో వరంగల్‌లోని ఒక సర్కారీ దఫ్తర్‌లో అటెండర్‌గా చేరాడు. ఏ దఫ్తరో రాయను, అందులో ఇప్పటికీ మంచివాళ్లు పనిచేస్తున్నారు. ఫైళ్లు మోసి, టీలు తెచ్చి, డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాసి, మెల్లగా గుమస్తా అయ్యాడు. పై అంతస్తులో కిటికీ పక్కన ఆయన టేబుల్. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో చూడకుండా చెప్పేవాడు. 27 ఏళ్లు అలా గడిచాక, 2017 చలికాలంలో ఒక రోజు ఫజర్ నమాజ్‌కు లేవబోయి పడిపోయాడు. ఫాలిజ్. కుడి చెయ్యి, కుడి కాలు.

మూడు నెలలకు మాట తిరిగొచ్చింది. ఆరు నెలలకు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశాడు. దఫ్తర్‌కు వెళ్తానన్నాడు. ఆటో దిగాడు, గేటు దాటాడు, మెట్ల దగ్గర ఆగిపోయాడు. ఇరవై రెండు మెట్లు. ఆ లెక్క ఆయనకు 27 ఏళ్లలో ఎప్పుడూ అవసరం పడలేదు. ఆ రోజు కింద నిలబడి లెక్కపెట్టాడు.

పై ఆఫీసర్ చెడ్డవాడేం కాదు. కిందికి దిగి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఎందుకు తకలీఫ్ పడతారు సాబ్, ఇంట్లో ఆరాం చేయండి, మెడికల్ ఇన్‌వాలిడేషన్ పెట్టుకోండి, మీ అబ్బాయికి నౌకరీ వస్తుంది" అన్నాడు. సర్వీసు మిగిలి ఉండగానే పెట్టుకోవాలి, జల్దీ చేయండి అని కూడా సలహా ఇచ్చాడు.

ఆ ఆదివారం మామూ ఇంట్లో అందరం కూర్చున్నాం. నానీ మంచం మీద, మామూ కుర్సీలో, మేమంతా చాప మీద. మామూ కొడుకు డిగ్రీ చేసి మూడేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. లెక్క సులువుగా కనిపించింది. బాప్‌ది ఎలాగూ అయిపోయింది, బేటాకు దారి దొరుకుతుంది. ఒక్కొక్కరం అదే మాట తిప్పి తిప్పి చెప్పాం. నేనైతే కాగితం కూడా రాసిపెట్టాను, సంతకం ఒక్కటే బాకీ. 'మీరు చాలా కష్టపడ్డారు మామూ, ఇక చాలు' అన్నాను. ఎంత తీయగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

మామూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు కాలు పడిపోయింది, అఖల్ పడిపోలేదు. ఆ టేబుల్ కిందికి దించమని ఒక్కరైనా అడిగారా?" అన్నాడు.

ఎవరం అడగలేదు. మాకు ఆ ఆలోచనే రాలేదు. ఇరవై రెండు మెట్లను అల్లా రాసిన తఖ్దీర్ అనుకున్నాం. వాటిని ఒక కాంట్రాక్టర్ కట్టాడని, ఒక ఇంజనీర్ గీశాడని, ఒక టేబుల్‌ను ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో కిందికి దించగలరని మాకు తట్టలేదు.

ఖానూన్ ఏమంటుంది

అదే దఫ్తర్‌లో చెవికి మిషన్ పెట్టుకునే ఒక టైపిస్ట్ అక్క ఉండేది. ఆమె మా ఇంటికి వచ్చి నాలుగు కాగితాలు ఇచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 20వ సెక్షన్ దగ్గర పెన్నుతో గీత గీసింది.

ఆ సెక్షన్‌లోని మాట ఇది. సర్కారీ నౌకరీలో ఉండగా ఎవరికైనా వైకల్యం వస్తే, అతన్ని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఇప్పుడున్న పని చేయలేకపోతే అదే జీతం, అదే స్థాయి ఉన్న వేరే పనికి మార్చాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే, ఖాళీ అయ్యేదాకానో రిటైర్ అయ్యేదాకానో అతని కోసం అదనపు పోస్టులో ఉంచాలి. అంతేకాదు, సర్కారీ దఫ్తర్లు పనిచేసే చోటును అతనికి వీలుగా మార్చి ఇవ్వాలి. ఇది రహమ్ కాదు, జిమ్మేదారీ.

మెడికల్ ఇన్‌వాలిడేషన్ తప్పని నేను అనడం లేదు. నిజంగా మంచం దిగలేని మనిషికి, అతని ఇంటికి అది సహారా. కానీ పని చేయగలిగిన మనిషికి మెట్లు చూపించి 'ఇక నీవల్ల కాదు' అనడం, పైగా కొడుకు నౌకరీని ఎర వేయడం, దాన్ని ఏమంటారు? బాప్ ఇజ్జత్‌ను బేటాకు తన్ఖాగా మార్చే సౌదా అంటారు. ఆ సౌదాలో దలాలీ చేసింది మేమే, సొంత రక్తం.

మామూ అర్జీ రాశాడు. ఎడమ చేత్తో రాసిన మొదటి కాగితం అది, అక్షరాలు కోడి గీకినట్టు ఉన్నాయి. టేబుల్ కిందికి దించమని, కింద ఉన్న గుసల్‌ఖానాకు కమోడ్, గోడకు పట్టుకునే రాడ్డు పెట్టించమని అడిగాడు. జవాబు రాలేదు. మళ్లీ రాశాడు. మొత్తం ఆరు అర్జీలు. సెలవులన్నీ అయిపోయి, కొన్ని నెలలు తన్ఖా లేకుండా గడిచాయి. మా ముమానీ కుట్టు మిషన్ మీద ఇల్లు నడిచింది. చివరికి కొత్తగా వచ్చిన ఒక అధికారి ఫైలు చదివి, 'దీనికి ఇన్ని రోజులెందుకు' అని అదే రోజు టేబుల్ దించమన్నాడు. నేను చెప్పిన పది నిమిషాలు కూడా పట్టలేదట.

తర్వాత జరిగిందే అసలు సంగతి. మామూ కింద ఇన్‌వర్డ్ సెక్షన్‌లో కూర్చున్నాడు. అంతకుముందు పెన్షన్ కాగితాల కోసం ముసలివాళ్లంతా మోకాళ్లు పట్టుకుని పైకి ఎక్కేవాళ్లు. ఇప్పుడు కిందే ఇచ్చేసి పోతున్నారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు, చంకన పిల్లల్ని వేసుకున్నవాళ్లు, గుండె ఆపరేషన్ అయినవాళ్లు. వాళ్లెవరూ అర్జీ పెట్టలేదు. ఒక ఫాలిజ్ మనిషి పట్టుదల వల్ల వాళ్లందరి మెట్లు తప్పాయి.

ఆ తర్వాత ఊళ్లో ఎవరికి ఇలాంటి తకలీఫ్ వచ్చినా మామూ దగ్గరికి పంపడం మొదలైంది. ఒక టీచర్‌కు యాక్సిడెంట్‌లో కాలు పోయింది, ఒక నర్సుకు చూపు తగ్గింది. అటెండర్‌గా మొదలైన మనిషి, చట్టం కాగితాలు సంచిలో పెట్టుకుని తిరిగే వకీలు లాంటివాడయ్యాడు. డిగ్రీ లేదు, ఫీజు లేదు.

పైన దర్ద్, కింద దర్ద్

మన తెలుగువాళ్లకు సత్య నాదెళ్ల పేరు చెబితే ఛాతీ ఉబ్బుతుంది. హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలో చదివి, మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడని వాట్సాప్‌లో పంపుకుంటాం. జీతం ఎంతో కూడా చెప్పుకుంటాం. కానీ ఆయన కథలో మనం పంపుకోని భాగం ఒకటుంది.

1992లో ఆయన ఆ కంపెనీలో చేరాడు. 1996లో పెద్ద కొడుకు జైన్ పుట్టాడు, పుట్టుకలోనే ఊపిరి అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. 'నాకే ఎందుకు ఇలా అయింది' అని తాను చాలాకాలం కుమిలిపోయానని, తన బీవీ అను మాత్రం మొదటి రోజు నుంచే బాబును థెరపీలకు తిప్పడంలో పడిపోయిందని, జరిగింది తనకు కాదు తన కొడుక్కి అని అర్థం కావడానికి తనకు ఏళ్లు పట్టిందని 'హిట్ రిఫ్రెష్' అనే పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. 2014లో ఆయన సీఈఓ అయ్యాక వైకల్యం ఉన్నవాళ్లకు వీలైన సాఫ్ట్‌వేర్, వీలైన పనిచోటు కంపెనీ పెద్ద పనుల్లో చేరాయి. మామూలు ఇంటర్వ్యూలో తడబడే ఆటిజం ఉన్నవాళ్లను వేరే పద్ధతిలో ఎంపిక చేసే కార్యక్రమం 2015లో మొదలైంది. జైన్ 2022 ఫిబ్రవరిలో చనిపోయాడు.

ఆయన ఒక్కడే చేశాడని కాదు. అదే కంపెనీలో సాకిబ్ షేక్ అనే ఇంజనీర్ ఉన్నాడు. ఏడేళ్ల వయసులో చూపు పోయింది. 2006లో చేరాడు. ఏళ్లపాటు వేరే పనులు చేస్తూనే, ఫోన్ కెమెరా ముందున్న దాన్ని చూపు లేనివాళ్లకు చదివి వినిపించే 'సీయింగ్ ఏఐ' అనే యాప్ కోసం పట్టుబట్టాడు. అది 2017లో బయటికి వచ్చింది. చూపు లేని ఉద్యోగి మీద కంపెనీ రహమ్ చూపలేదు. కంపెనీకి తెలియని పనిని ఆ ఉద్యోగి కంపెనీకి నేర్పాడు. మన పిల్లలకు చెప్పాల్సిన కథ ఇది.

కానీ నన్ను కుట్టేది ఇంకొకటి. ఒక పెద్ద కుర్సీలో కూర్చున్న మనిషి ఇంట్లో దర్ద్ ఉంటే లోకం వింటుంది. కింద మెట్ల దగ్గర నిలబడిన మనిషి దర్ద్ ఎవరు వింటారు? ప్రతి దఫ్తర్‌లో ఆఫీసర్ కొడుక్కి ఏదో ఒకటి అయ్యేదాకా ఆగాలా? అలాంటి దువా ఎవరం చేస్తాం, తౌబా!

కుర్సీ లేకుండానే వినిపించిన మనిషి ఒకరున్నాడు. జావేద్ అబిదీ. ఎంతమంది ముస్లిం ఇళ్లలో ఈ పేరు తెలుసు? 1965లో అలీగఢ్‌లో పుట్టాడు, పుట్టుకతోనే వెన్నెముకలో లోపం, చిన్న వయసులోనే వీల్‌చైర్. అమెరికాలో జర్నలిజం చదివి దేశానికి తిరిగి వస్తే, వీల్‌చైర్ చూసి పత్రికలు నౌకరీ ఇవ్వలేదు. ఇంకొకరైతే ఇంట్లో కూర్చునేవాళ్లు. ఆయన 1995 డిసెంబర్‌లో వందల మందితో పార్లమెంట్ దగ్గర నిలబడ్డాడు. ఆ నెలలోనే దేశంలో మొదటి వికలాంగుల చట్టం పాసైంది. తర్వాత వికలాంగుల ఉపాధి కోసం పనిచేసే జాతీయ కేంద్రాన్ని 2018లో చనిపోయేదాకా నడిపాడు. 2001లో స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీకి వస్తే, ఆయన వీల్‌చైర్ కోసం కుతుబ్ మినార్ లాంటి చోట్ల రాత్రికి రాత్రి చెక్క ర్యాంపులు వెలిశాయి. వాటి వెనక ఉన్నది అబిదీ పట్టు. పెద్దమనిషి వస్తే ఒక్క రాత్రిలో వచ్చే ర్యాంపు, మామూలు మనిషికి యాభై ఏళ్లుగా ఎందుకు రాలేదన్నదే ఆయన అడిగిన సవాల్. 2016 చట్టం వెనక కూడా ఆయన కష్టం ఉంది. నౌకరీ ఇవ్వనివాళ్లు ఎందరో ఉండగా, లక్షల మంది నౌకరీలను కాపాడే ఖానూన్ తెచ్చిన మనిషి మన ఖౌమ్ బిడ్డ. మన జల్సాల్లో ఎవరెవరి తస్వీరులో కడతాం. ఈయనది ఎక్కడా చూడలేదు.

ర్యాంపు ఒక్కటే కాదు

మన జిల్లా బిడ్డ దీప్తి జీవంజి సంగతి తెలుసుగా. పర్వతగిరి మండలం కల్లెడ. కూలి పని చేసే ఇంట్లో పుట్టింది, నేర్చుకోవడంలో, మాట్లాడడంలో ఇబ్బంది. ఊళ్లో కొందరు ఆమె రూపాన్ని వెక్కిరించారు, అనాథాశ్రమంలో వేయమని అమ్మానాన్నలకు చెప్పారు. ఆ పిల్ల 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు కొట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల జాగా, గ్రూప్-2 నౌకరీ ప్రకటించింది. ముబారక్.

ఇప్పుడు చెప్పండి. ఆమెలాంటి ఇబ్బంది ఉండీ పతకం లేని ఒక అమ్మాయి రేపు మన ఊరి దఫ్తర్‌లో చేరితే, మనం ఏం సిద్ధం చేసి ఉంచాం? ఆ అమ్మాయికి ర్యాంపుతో పని లేదు. ఆమెకు కావాల్సింది ఒక్కో పనిని విడగొట్టి నిదానంగా చెప్పేవాళ్లు, బొమ్మలతో రాసిన సూచనలు, తప్పు చేస్తే నవ్వని తోటివాళ్లు. వినపడనివాళ్లకు మీటింగ్‌లో మాటలు రాసి చూపేవాళ్లు కావాలి. చూపు తగ్గినవాళ్లకు కంప్యూటర్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కావాలి. మానసిక జబ్బుకు మందులు వాడేవాళ్లకు కాస్త ఆలస్యంగా మొదలయ్యే డ్యూటీ కావాలి. చాలావాటికి ఒక్క ఇటుక కూడా అక్కర్లేదు.

కోర్టులు చెప్పడం మానలేదు. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరీ కేసులో, భవనాలు మాజూర్‌లకు వీలుగా ఉండాలన్న నిబంధన ఉత్త సిఫార్సుగా ఉంటే చెల్లదని, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో తేవాలని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారు చేసింది మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రం. 2025 ఆగస్టులో ఇంకో తీర్పు మన రాష్ట్రం మీదే వచ్చింది. రంగులు సరిగా గుర్తుపట్టలేడని ఆర్టీసీ ఒక డ్రైవర్‌ను 2016లో ఇంటికి పంపింది. వేరే పని చూపించకుండా అలా పంపడం తప్పని, తగిన పోస్టు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సాఫ్ వచ్చింది, నిజమే. దానికి పట్టిన తొమ్మిదేళ్లు ఎవరు తిరిగిస్తారు? పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఆ తొమ్మిదేళ్లలోనే కదా ఉంటాయి.

ఇక మన ఇంటి సంగతి

సర్కార్‌ను తిట్టడం ఆసాన్. ఇప్పుడు మనవైపు తిరుగుదాం. మనకూ స్కూళ్లున్నాయి, క్లినిక్‌లున్నాయి, షాదీఖానాలున్నాయి, బట్టల షాపులు, ఫర్నిచర్ షోరూమ్‌లు ఉన్నాయి. వాటిలో వందల మంది పనిచేస్తున్నారు. ఒక్కచోటైనా బైసాఖీ పట్టుకున్న క్లర్క్‌ను, వీల్‌చైర్‌లో కూర్చున్న టీచర్‌ను చూశారా? నేను చూడలేదు. అడిగితే వచ్చే జవాబులు నాకు కంఠస్థం.

'అలాంటి వాళ్లు మా దగ్గరికి ఎవరూ రారు.' ఎలా వస్తారు భాయ్? గేటు దగ్గరే అయిదు మెట్లు కట్టి, ఎవరూ ఎక్కడం లేదంటే ఎలా?

'పైసలెక్కడివి?' గేటుకు ఇత్తడి పువ్వులు పెట్టించడానికి ఉన్నాయి, మెట్లకు గ్రానైట్ వేయించడానికి ఉన్నాయి. ర్యాంపు లెక్క చిన్నది. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల ర్యాంపు చాలు. మన ఇళ్ల ముందు చూడండి, బైకు ఎక్కించడానికి సిమెంట్ వాలు ప్రతి ఇంటికీ ఉంటుంది. బండికి దారి వేసుకున్నాం. నానీకి వేయలేదు.

'కిరాయి బిల్డింగ్.' అయితే టేబుల్ కిందికి దించండి. దానికి ఓనర్ ఇజాజత్ అక్కర్లేదు.

'పని తగ్గుతుంది కదా.' మా మామూ కింద కూర్చున్నాక ఆయన సెక్షన్‌లో కాగితాలు ఎక్కువ కదిలాయి. అందరికీ అలాగే అవుతుందని అనను. కానీ రెండు కాళ్లున్న మన ముందీబ్‌లు రోజంతా ఫోన్ చూస్తూ కూర్చుంటే ఎవరూ మెడికల్ బోర్డుకు పంపడం లేదు కదా!

'అల్లా మర్జీ, సబర్ చేయాలి.' ఈ జవాబు దగ్గరే నాకు కోపం ఎక్కువ. మాజూర్ అనే మాటకు అసలు అర్థం ఉజ్ర్ ఉన్నవాడు అని. నిలబడలేకపోతే కూర్చుని నమాజ్ చదవచ్చు, కూర్చోలేకపోతే పడుకుని. దీన్ అతనికి తకలీఫ్‌ను మాఫీ చేసింది. మనమేమో అతనికి చదువును, నౌకరీని, బజారును, శాదీని, మొత్తం దునియానే మాఫీ చేసేశాం. ఉజ్ర్ అతనిది, బహానాలు మనవి.

హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) చూపు లేని సహాబీ. ఆయన వచ్చినప్పుడు ముఖం చిట్లించిన సందర్భం మీదే సూరా అబస దిగిందని మన పిల్లలు మక్తబ్‌లో చదువుతారు. తర్వాతి సంగతి మీద మాత్రం ఆగరు. మదీనాలో ఆయన మువజ్జిన్. రమజాన్‌లో ఫజర్ అజాన్ ఆయనదే. తెల్లవారిందో లేదో కళ్లతో చూసి చెప్పాల్సిన పని అది! చూపు లేదు కాబట్టి ఈ పనికి పనికిరాడని ఎవరూ అనలేదు. 'సుబహ్ అయింది' అని పక్కవాళ్లు చెప్పేవాళ్లు, అప్పుడు ఆయన అజాన్ ఇచ్చేవాడు. కళ్లు పక్కవాళ్లవి, ఆవాజ్ ఆయనది. అంతేనా, రసూలుల్లాహ్ (స) బయటికి వెళ్లినప్పుడు మదీనాలో తన స్థానంలో ఆయన్ని పలుమార్లు ఉంచి వెళ్లారు. ఖైరాత్ ఇచ్చి మూల కూర్చోబెట్టలేదు, జిమ్మేదారీ ఇచ్చారు. ఇవాళ చట్టం దేన్నయితే 'తగిన వెసులుబాటు' అంటుందో, అది మన మస్జిదె నబవీలో ప్రతి సుబహ్ జరిగింది. సబర్ చేయమని మాజూర్‌కు చెప్పేముందు, పక్కన నిలబడి 'తెల్లవారింది' అని చెప్పే పని మనం చేస్తున్నామా?

రమజాన్‌లో జకాత్ కమిటీలు వీల్‌చైర్లు పంచుతాయి, ఫోటోలు వస్తాయి. అల్లా ఖుబూల్ చేయుగాక. కానీ ఆ వీల్‌చైర్ ఎక్కిన మనిషి మరుసటి రోజు ఎక్కడికి వెళ్లాలి? కమిటీ ఆఫీసే మెట్ల మీద ఉంటే?

అడిగేది ఎక్కువేం కాదు. ప్రతి సంస్థ, ప్రైవేటుదైనా సరే, మాజూర్‌లకు సమాన అవకాశాల పాలసీ రాసి అందరికీ కనిపించేలా పెట్టాలని చట్టంలో ఉంది. మన స్కూళ్ల సదర్ సాబ్‌లు, సెక్రటరీలు అది రాశారా? రాయకపోతే రాయించండి. కొత్త బిల్డింగ్ కడుతుంటే ప్లాన్ మీదే ర్యాంపు, కింద ఒక వెడల్పాటి గుసల్‌ఖానా గీయించండి, కట్టాక పగలగొట్టడం కంటే సస్తా. ఇంట్లో మాజూర్ బిడ్డ ఉంటే వైకల్య సర్టిఫికెట్ పెన్షన్ కోసమే అనుకోకండి, ఆ నాలుగు శాతానికి తలుపు కూడా అదే. 'లోగ్ క్యా కహేంగే' అని దాచకండి. నౌకరీలో ఉన్న బాప్‌కు ఏదైనా అయితే, కాగితం మీద సంతకం పెట్టించేముందు 20వ సెక్షన్ చదివి వినిపించండి. తర్వాత ఆయన్నే అడగండి, మీకేం కావాలి అని.

మామూ 61 నిండి 2025లో రిటైర్ అయ్యాడు. 35 ఏళ్ల నౌకరీ, అందులో ఫాలిజ్ తర్వాతవే ఏడు దాకా. ఆఖరి సంవత్సరంలో ఆ దఫ్తర్ గేటు దగ్గర ర్యాంపు కట్టారు. మొదట కట్టింది మరీ నిటారుగా ఉంది, జారుడుబండలాగా. మామూ టేపు పట్టుకుని వెళ్లి, 'బారాకు ఏక్, బారాకు ఏక్' అని మేస్త్రీతో వాదించి మళ్లీ కట్టించాడు. సిమెంట్ ఆరిన మర్నాడు దాని మీద మొదట ఎక్కింది వీల్‌చైర్ కాదట. నీళ్ల క్యాన్ల ట్రాలీ. ఆ కుర్రాడు రోజూ ఒక్కో క్యాన్ భుజాన వేసుకుని ఎక్కించేవాడు. మామూకు సలాం పెట్టి, "ఇన్నాళ్లూ ఎందుకు కట్టలేదు చాచా?" అని అడిగాడట.

మామూ కొడుకు ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. ఆదివారం నాటి కాగితం నేను ఇంకా పారేయలేదు. సంతకం చోటు ఖాళీగానే ఉంది. బుద్ధి గడ్డి తిన్నప్పుడల్లా తీసి చూసుకుంటాను.

వచ్చే జుమా నాడు చెప్పులు వేసుకునే చోట మళ్లీ ఎనిమిది మందిని అడుగుతాను. మీరు కూడా అడగండి.

ఖుదా హాఫిజ్.